నాలుగో లైనులో జెండా

లోకంలో ఎవరికి ఏ ఆపద వచ్చినా మా ఆయన దగ్గర దానికొక కారణం సిద్ధంగా ఉండేది. ఎవరిదైనా సైకిలు పోయిందంటే, "తాళం సరీగా ఎయ్యడు, పోదేటి?" అనేవాడు. ఎవరింట్లోనైనా పిల్లకి కామెర్లొస్తే, "అడ్డమైన నీల్లూ తాగనిచ్చినారు, రావేటి?" అనేవాడు. ఏ కారణమూ దొరక్కపోతే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "సేసుకున్నోడికి సేసుకున్నంత మహదేవా" అనేసి స్నానానికి పోయేవాడు. పందొమ్మిదేళ్ళ కాపురంలో ఆ మాట వినని వారం లేదు. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకసారి నా చెయ్యి గంజి పడి కాలింది. బొబ్బలెక్కిన చెయ్యి పట్టుకుని నేను గిలగిల్లాడుతుంటే ఆయన గడపలో నిలబడి, "పొద్దున్న పక్కింటావిడతో దెబ్బలాడినావు కదా, అందుకే" అన్నాడు. మసిగుడ్డ విసిరి కొట్టాను. తగల్లేదు. తగిలుంటే దానికీ ఏదో కారణం చెప్పేవాడు.

మనిషి చెడ్డవాడు కాదు. జగ్గారావు మాటంటే ఖడగ్‌పూర్ రైల్వే క్వార్టర్లుండే న్యూ సెటిల్‌మెంట్‌లో అందరికీ గురి. తాగడు, పేకాడడు, డ్యూటీకి ఒక్కరోజు ఆలస్యంగా పోడు. చిక్కల్లా అక్కడే ఉంది. తను రూలు తప్పడు కాబట్టి తనకేమీ కాదని ఆయన ధీమా. ఏదైనా జరిగినవాళ్ళంతా ఎక్కడో రూలు తప్పే ఉంటారని ఆయన నమ్మకం.

ఇదంతా ఎనభై ఎనిమిది వేసవి సంగతి.

పాడైన వ్యాగన్లని తెచ్చి నిలబెట్టి బాగుచేసే చోటుని సిక్ లైను అంటారు. మా ఆయనా, పక్క క్వార్టరులో ఉండే నూకయ్యా అక్కడే ఫిట్టర్లు. ఇద్దరివీ శ్రీకాకుళం వైపు పక్కపక్క ఊళ్ళే. నూకయ్య నన్ను అక్క వరసన "అప్పా" అని పిలిచేవాడు, మా ఆయన్ని "బావా" అనేవాడు. నోరు తెరిస్తే నవ్వే మనిషి. సాయంత్రం ఒక చుక్క వేసుకుంటాడు గానీ డ్యూటీలో ముట్టడు. భార్య జోగమ్మ, ఇద్దరు ఆడపిల్లలు.

వ్యాగను కిందకి దూరేముందు ఆ లైను మొదట్లో పట్టాల మధ్య ఎర్రజెండా పాతాలి. అది కనిపిస్తే ఇంజను లోపలికి రాదు. పని పూర్తయ్యాక పాతినవాడే దాన్ని తియ్యాలి. ఎంత పెద్ద సాహెబు వచ్చి చెప్పినా ఇంకొకడు ముట్టుకోకూడదు.

ఆ ఏడు జెండాలన్నీ ఎండకి వెలిసి గులాబీ రంగులోకి దిగాయి. కొత్తవి వచ్చేదాకా ఎవరి జెండా వాళ్ళు కుట్టించుకోండని మిస్త్రీ సుందర్ రాజు చెప్పాడట. మా వరసలో కుట్టుమిషను ఉన్నది మా ఇంట్లోనే. జోగమ్మ ఝపటాపూర్ బజారుకి పోయి ఎర్ర గుడ్డ కొనుక్కొచ్చి నా ముందు పడేసింది.

"ఒక గుడ్డలోనే రెండూ వొచ్చీలాగ కత్తిరించు వొదినా. అన్నయ్యకొకటి, మావోడికొకటి" అంది.

మొదటి జెండాకి కర్ర దూర్చే మడత కుట్టేసరికి ఎర్ర దారం అయిపోయింది. రెండోదాని మడతకి నీలం దారం ఎక్కించాను. అప్పుడే డ్యూటీ దిగొచ్చిన మా ఆయన రెండూ తిరగేసి మరగేసి చూశాడు.

"ఎర్రజెండాకి నీలం దారమేటి? రూలొప్పుద్దా? నాకొద్దు. అది నూకయ్యకిచ్చీ."

జోగమ్మ పకపకా నవ్వింది. "ఇచ్చీ వొదినా. మావోడు ఏ రంగు లుంగీ కట్టినాడో సాయంత్రానికి ఆడికే గురుతుండదు. దారం సూస్తాడేటి?"

దానికి నేనూ నవ్వాను. మా ఆయన కూడా నవ్వాడు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం కాలబైశాఖి లేచింది. ఖడగ్‌పూర్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. అప్పటిదాకా నిప్పులు చెరిగిన ఆకాశం ఒక్కసారిగా నల్లబడుతుంది, ఎర్రదుమ్ము లేస్తుంది, ఎదుటి మనిషి కనపడడు. నేను పెరట్లో బట్టలు లాక్కుని తలుపులు వేసుకున్నాను. గాలి తగ్గి వాన పడుతుండగా ఎవరో జోగమ్మ తలుపు బాదుతున్న చప్పుడైంది. తరవాత జోగమ్మ కేక వినిపించింది.

నూకయ్య మూడో లైనులో వ్యాగను కింద ఉండగా ఇంజను ఇంకో వ్యాగన్ని తెచ్చి ఆ లైనులోకి తోసింది. కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది.

మా ఆయన సాయంత్రం ఇంటికొచ్చాడు. చొక్కా నిండా నూకయ్య రక్తమే. మోసింది ఈయనే. సంచీ తలుపు వెనక తగిలించి, గోడకి ఆనుకుని నేల మీద చతికిలబడ్డాడు. నీళ్ళిచ్చాను. గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగాడు.

"జెండా పాతనేదేటి ఆడు?" అన్నాను.

"పాతినాడు. నాలుగో లైనులో పాతినాడు."

"నాలుగులో నువ్వు కదా ఉన్నావు?"

"నా పని అయిపోనాది. దుమ్ములో నా జెండా నాను పీకీసి షెడ్డులోకి పరిగెట్టినాను. వాన తగ్గి సూస్తే నాలుగులో ఇంకో జెండా ఉంది. మూడులో నేదు. నాది నాకాడే ఉంది కాబట్టి అది ఆడిదే. పక్క లైనులో పాతీసి ఎల్లి మూడులో దూరినాడు, ఎర్రోడు." గ్లాసు కింద పెట్టాడు. పెదవులు తడుపుకున్నాడు. "సేసుకున్నోడికి..."

"నోర్ముయ్యి" అన్నాను. పెళ్ళయ్యాక ఆయన్ని ఆ మాట అనడం అదే మొదలు.

ఆయన నోరు మూయలేదు. ఆ రోజు మొదలు అదే పారాయణం. అన్నం కలుపుతూ, "ముందురోజు తాగినాడు, మత్తు దిగనేదు" అనేవాడు. గెడ్డం గీసుకుంటూ, "ఆడికి పని మీద మనసెప్పుడుంది గనక" అనేవాడు. సైకిలు తుడుస్తూ నూకయ్య చేసిన తప్పులన్నీ పదేళ్ళ కిందటివి కూడా తవ్వి తీసేవాడు. ఆ తుడవడం కూడా ఒకసారి కాదు. రోజుకి రెండుసార్లు బ్రేకులు నొక్కి చూసుకునేవాడు. బూటు తాళ్ళు కట్టి, విప్పి, మళ్ళీ కట్టేవాడు. ఆ తాళ్ళ దగ్గర నాకు అర్థమైంది, మనిషి హడలిపోయి ఉన్నాడని. తప్పు నూకయ్యది కాకపోతే రేపు తన కాలైనా అలాగే పోవచ్చు. ఆ మాట ఆయన ఒప్పుకోలేడు. అందుకని నూకయ్య మీద తప్పులు పేరుస్తున్నాడు. జాలి పడాలో చీపురు తిరగెయ్యాలో నాకు తెలియలేదు.

వీధి కూడా ఆయనకి తీసిపోలేదు. పంపు దగ్గర ఎవరు నోరు తెరిచినా ముందు "పాపం" అనేవారు, ఆ వెంటనే "గాని" అనేవారు. పాపం నూకయ్య, గాని తాగుతాడు కదా. పాపం జోగమ్మ, గాని ఆ నవ్వులేటి, ఇకయికలేటి? అంత నవ్వితే ఏడుపు రాదేటి? సరోజమ్మనే ఆవిడైతే జోగమ్మ వస్తుంటే తన బిందె పక్కకి లాక్కుంది, అంటుకుంటుందన్నట్టు.

"లాక్కో సరోజమ్మా, బాగా లాక్కో. కాలు పోడం గజ్జి కదా, అంటుకుంటాది" అన్నాను. నెలరోజులు నాతో మాట్లాడలేదు. పీడా పోయింది.

ఎంక్వయిరీ శుక్రవారమని చెప్పారు. అందులో తేలేది ఒకటే మాట. జెండా తప్పు లైనులో పాతాడని రాస్తే నూకయ్య ఉద్యోగం ఊడుతుంది, క్వార్టరు ఖాళీ చెయ్యాలి, ఆడపిల్లలిద్దరితో ఎక్కడికి పోతారో వాళ్ళకే తెలియదు. తప్పు వాడిది కాదని రాస్తే టూల్ రూములో కూర్చుని చేసే పనిస్తారు. సాక్షి మా ఆయన. ఆయన మాటంటే సాహెబుకి కూడా గురే.

బుధవారం నేను ఆసుపత్రికి పోయాను. నూకయ్య గెడ్డం మాసి, సగం మనిషై ఉన్నాడు. దుప్పటి కింద ఒక పక్క ఎత్తుగా, ఇంకో పక్క చదునుగా ఉంది. అటు చూడకూడదనుకుంటూనే చూశాను.

"బాగా ఆలోచించు తమ్ముడూ. జెండా యాడ పాతినావు?" అన్నాను.

"మూడులోనే పాతినట్టు గుర్తప్పా. కర్ర దిగకపోతే రాయెట్టి కొట్టినాను కూడా." దుప్పటి పైకి లాక్కున్నాడు. "గాని బావ నాలుగంతన్నాడు కదా. బావ అబద్దమాడడు. నానే తప్పు పాతుంటాను."

"గుర్తుందంతన్నావు, మల్లీ తప్పంతావేటి?"

"తప్పు సెయ్యకపోతే కాలెందుకు పోద్దప్పా?" అన్నాడు. గొంతు తగ్గించాడు. "జోగికి సెప్పకు. సిన్నది పుట్టినప్పుడు పైడితల్లికి మొక్కుకున్నాను. మూడేళ్ళయినాది, ఎల్లనేదు. సెలవు దొరకనేదని సాకు సెప్పినాను. ఆ తల్లి ఊరుకుంటాదేటి? లెగిసి నడిసిన రోజు ముందు ఆవిడ కాడికే పోతాను. అంతా సరైపోద్ది."

ఆ మాట చెప్తుంటే వాడి మొహంలో కొంచెం నెమ్మది కనిపించింది. నాకు మంచం కోడుకి తల బాదుకోవాలనిపించింది. ఇంట్లో ఆయన, ఇక్కడ వీడు. ఒకడు కాలు పోయినవాడిలో తప్పు వెతుకుతాడు, కాలు పోయినవాడేమో తనలో తనే వెతుక్కుంటాడు. ఇక పోట్లాడేదానికి నాకు మనిషెవరు మిగిలారు?

గురువారం పొద్దున్న మర్నాటికి ఆయన ఖాకీ బట్టలు ఉతకడానికి తీశాను. సంచీ కూడా కంపు కొడుతోంది. ప్రమాదమైన మర్నాడే కొత్త జెండాలొచ్చాయి, రావాల్సినవి రావాల్సిన రోజున వస్తాయా ఎక్కడైనా! అందుకని నేను కుట్టిన జెండా ఆ రోజు చుట్టి పెట్టింది పెట్టినట్టే సంచీలో ఉండిపోయింది. మట్టిగొట్టుకుపోయి ఉంది. బకెట్లో ముంచాను. కర్ర లాగి మడత తిరగేసి సబ్బు పెట్టాను.

మట్టి పోయింది. కుట్టు నీలంగా ఉంది.

పంపు కట్టేసి లోపలికొచ్చి మిషను సొరుగులో నీలం దారం కండె తీసి పక్కన పెట్టి చూశాను. అదే నీలం. తరవాత జెండాని బాగా ఉతికి, పిండి, తీగె మీద ఆరేశాను. ఎండ గట్టిగా ఉంది. గంటలో ఆరింది. ఇస్త్రీ చేశాను. ఎందుకు చేశానంటే ఏం చెప్పను, చేతులు ఊరికే ఉండలేకపోయాయి.

ఆ గంటలో నేనూ తక్కువ తినలేదు. ఎర్ర దారం ఇంకో కండె తెచ్చుకుని ఉండాల్సింది అనుకున్నాను. రెండు జెండాలూ ఒకే గుడ్డతో కుట్టకుండా ఉండాల్సింది అనుకున్నాను. ఎప్పుడో మా అత్తని అన్న మాట కూడా గుర్తొచ్చింది. అంతలోకే తేరుకుని, ఛీ, ఈయన జబ్బు నాకూ అంటుకుందని తిట్టుకున్నాను.

ఆయన డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. జెండా ఆయన ముందు పరిచి మడత విప్పి చూపించాను.

"ఇది నీ సంచీలో ఉంది" అన్నాను.

చూశాడు. మొదట బోధపడలేదు. తరవాత బోధపడింది. మొహంలో దీపాలు ఒక్కటొక్కటే ఆరిపోయాయి.

"మర్సిపోయుంటావు. నీలం నాకే కుట్టినావేమో" అన్నాడు.

"నీకు నీలం వొద్దన్నావు. రూలొప్పదన్నావు. జోగమ్మ ఇక్కడే కూకుని నవ్వినాది."

మూడూ నాలుగూ లైన్లలో జెండాల మధ్య ఎంత దూరమని అడిగాను. గదిలో నాలుగంగలు వేసి చూపించాడు. అంతే దూరం.

"కల్లల్లో దుమ్మే. సేతికందింది పీకినాను. నాదనే పీకినాను నర్సమ్మా. నా జెండా అనే..." అన్నాడు.

"నాకు తెల్సు."

"నాను తాగనేదు. నిద్దరోనేదు. పరాకు పడనేదు. పందొమ్మిదేల్లు..." గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నాను సెడ్డోడినా? సెడ్డ పని సేసినానా? మరెలాగ అవుద్ది? ఏ తప్పూ సెయ్యనోడి సేత్తో ఇలాగెలాగ అవుద్ది?"

"అయినాది కదా" అన్నాను. అరిచేశాను నిజానికి. "అయినాది! గాలొచ్చినాది, దుమ్మొచ్చినాది, నీ సెయ్యి పక్కకి పడ్డాది, ఆడి కాలు పోనాది. ఎందుకు అయినాదో నాకేటి తెల్సు? రేపు సాహెబు ముందర ఏటి సెప్తావో అది సెప్పు నాకు."

"ఉద్యోగం పోద్దే."

"పోతే పోద్ది. ఆడి కాలు పోనాది కదా. నాలుగులో దొరికిన జెండా సాహెబు కాడే ఉంది. దాని మడతలో ఎర్ర దారముంటాది. నువ్వు ఎల్లకపోతే నేను ఎల్తాను. దీన్ని ఆ బల్ల మీద పరిసి వొస్తాను."

అన్నం పెడితే తినలేదు. ఆ రోజు మా ఇంట్లో నూకయ్య తప్పుల పారాయణం జరగలేదు.

శుక్రవారం పొద్దున్న నేను స్నానం చేసి వచ్చేసరికి ఆయన లేడు. బల్ల మీద ఇస్త్రీ జెండా లేదు. అయినా నమ్మకం చాలక గేటు దాకా పోయాను. జోగమ్మ అప్పటికే అక్కడ వేపచెట్టు కింద కూర్చుని ఉంది. పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. జోగమ్మ నా మొహంలోకి చూడలేదు. గేటుకేసే చూస్తూ విన్నది.

"అన్నయ్య సెప్తాడా?" అంది చివరికి.

"తెల్దు జోగీ" అన్నాను. నిజంగానే తెలియదు.

పదకొండు గంటలకి మిస్త్రీ సుందర్ రాజు బయటికొచ్చాడు. మా ఇద్దర్నీ చూసి ఆగి, టోపీ తీసి తల గోక్కున్నాడు. "జగ్గారావు అంతా సెప్పీసినాడమ్మా. రెండు జెండాలూ పక్కపక్కనెట్టి మడతలిప్పి సూపించినాడు. నా సర్వీసులో ఇలాటిది సూడనేదు" అన్నాడు. జోగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తరవాత నా చెయ్యి పట్టుకుంది. ఎముకలు విరిగేలా పట్టుకుంది. అది కోపమో కృతజ్ఞతో నేను అడగలేదు.

ఆషాఢంలో కాగితాలొచ్చాయి. నూకయ్య తప్పేమీ లేదని రాశారు. టూల్ రూములో ఉద్యోగం, అదే క్వార్టరు. మా ఆయనకి ఒక హెచ్చరిక కాగితం వచ్చింది. గాలిదుమ్ములో జరిగిన పొరపాటు, ఇకపై జాగ్రత్తగా ఉండవలెను, అంతే.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆయనకి తిక్కరేగింది.

"ఇంతేనా?" అన్నాడు కాగితం తిప్పి వెనక కూడా చూసి. "ఒకడి కాలు తీసినోడికి ఇంతేనా? తీసీయాలి నన్ను. కనీసం సస్పెండు సెయ్యాలి. ఇదేం న్యాయం?" మర్నాడు ఇంకో సాహెబు దగ్గరికి పోయి శిక్ష వెయ్యమని అడిగాడు. వాళ్ళు నవ్వి పంపించేశారు. ఇక అక్కడ దొరకని శిక్ష ఇంట్లో వెతకడం మొదలుపెట్టాడు. నాకు తలనొప్పి వస్తే, "మొదలయినాది" అనేవాడు. వంటింటి కప్పు కురిస్తే, "అదీ" అనేవాడు.

"అది రైల్వే కప్పు! ప్రతేడూ కురుస్తాది! భగవంతుడికి నీ ఇంటి పెంకులు తప్ప పనేటీ నేదేటి?" అని అరిచేదాన్ని. వింటేగా.

నూకయ్యని ఇంటికి తీసుకొచ్చిన రోజు ఆదివారం. సన్నగా వాన పడుతోంది. చంకల్లో కర్రలతో వసారాలో మంచం మీద కూలబడ్డాడు. మా ఆయన పోయి వాడి ముందు నేల మీద కూర్చున్నాడు. అప్పటికే జోగమ్మ విషయం చెప్పి ఉంచింది. అయినా ఈయన మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు. దుమ్ము, చెయ్యి, జెండా, నీలం దారం. చెప్పి, "నన్ను కొట్రా. ఆ కర్రతో కొట్టు" అన్నాడు.

నూకయ్య కర్ర ముట్టుకోలేదు.

"బావా," అన్నాడు. "మూడులోనే పాతినానా, అలగైతే?"

"మూడులోనే పాతినావురా. సరీగా పాతినావు."

"నువ్వు సూసుకోనేదు. కావాలని సెయ్యనేదు."

"నేదురా."

"మరి పైడితల్లి మొక్కు?"

ఏ మొక్కో మా ఆయనకి తెలియదు. నా వంక చూశాడు. "దానికీ దీనికీ సంబంధం నేదు తమ్ముడూ" అన్నాను నేనే.

నూకయ్య తలూపాడు. ఆసుపత్రిలో అన్ని వారాలున్నా ఏడవలేదట వాడు. ఇప్పుడు మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. మోకాలి కింద ముడేసిన పంట్లాం మీద చెయ్యి పెట్టుకుని, చిన్నపిల్లాడిలా మా ఆయన మొహంలోకి చూశాడు.

"మరి నా కాలెందుకు పోనాది బావా?"

మా ఆయన నోరు తెరిచాడు. ఏం వస్తుందో నాకు తెలుసు, పందొమ్మిదేళ్ళుగా విన్నదే. జీవితంలో ఆ ఒక్కసారి మాత్రం ఆయన అదేదో అనేస్తే బాగుండును, దేవుడనో, కర్మనో, ఏదో ఒకటి చెప్పేస్తే బాగుండునని గుమ్మం పట్టుకుని ఎదురుచూశాను.

ఆయన నోరు మూసుకున్నాడు.